సీరియల్ మీద ఇంత కోపం... ఇది జబ్బేనా డాక్టర్ గారూ?

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. మాది తెనాలి. ‘కార్తీకదీపం’ మొదలైన రోజు నుంచి వదలకుండా చూశాను. వంటలక్క, డాక్టర్ బాబు కారు ప్రమాదంలో పోయినట్టు చూపించిన రోజు అన్నం సయించలేదు. కొన్నాళ్లకు వాళ్లను మళ్లీ బతికించారు. సంతోషపడాల్సింది పోయి ఒళ్లు మండింది. ఇప్పుడు రెండో భాగం కూడా చూస్తున్నాను గానీ చూసినంతసేపూ తిట్టుకుంటూనే ఉంటాను. చూడకపోతే ఏమీ తోచదు. ఈమధ్య నిద్ర పట్టడం లేదు. మాత్ర వేసుకుంటున్నా బీపీ 150/90 ఉంటోంది. పిల్లలు నవ్వుతున్నారు. నాకేమైనా మానసిక జబ్బా?

జవాబు: సీరియల్ మీద కోపం జబ్బు కాదమ్మా. నిద్ర, బీపీ సంగతి మాత్రం చూసుకోవాలి. ముందు కోపం గురించి చెబుతాను.

తెర మీద రోజూ కనిపించే మనిషితో చూసేవాళ్లకు ఏర్పడే ఒకవైపు చనువు గురించి అమెరికాలో హోర్టన్, వోల్ అనే ఇద్దరు 1956లోనే రాశారు. అవతలివాళ్లకు మనమెవరో తెలియదు. అయినా మన మనసు వాళ్లను తెలిసినవాళ్ల లెక్కలోనే వేసుకుంటుంది. ఆ సీరియల్ 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచింది. అన్నేళ్లలో మీ సొంత ఆడపడుచు కూడా అన్నిసార్లు మీ ఇంటికి వచ్చి ఉండదు. అందుకే 2022లో వాళ్లు పోయారనగానే మీకు ముద్ద దిగలేదు. ఐపీఎల్‌లో తమ జట్టు ఓడితే టీవీ కట్టేసి ముసుగు తన్నే పిల్లలకు మిమ్మల్ని చూసి నవ్వే అర్హత లేదు.

బతికొస్తే కోపం ఎందుకంటారా? మీరు ఏడ్చారు, నాలుగు రోజులకు మనసు సర్దుకున్నారు. అప్పుడొచ్చి ఆ చావు ఉత్తుత్తిదే అన్నారు. మీ ఏడుపుకు విలువ లేకుండా పోయింది. ఒకసారి అలా జరిగాక, ఆ తర్వాత ఎవరిని ఐసీయూలో పడుకోబెట్టినా మీ మనసు కదలదు. కదిలితే మళ్లీ మోసపోతానని దానికి తెలుసు. 2024 మార్చిలో మొదలైన రెండో భాగంలో పేర్లవే, ముఖాలవే, కథ మాత్రం వేరు. మీరు పాతవాళ్ల కోసం వెతుక్కుంటున్నారు, అక్కడ వాళ్లు లేరు. (మొదటి భాగంలో ఒక్క రిపోర్టు పట్టుకుని, ఇంకో పరీక్ష చేయించుకోకుండా ఏళ్ల తరబడి భార్యను అనుమానించిన ఆ డాక్టర్ మీద నాకూ కోపమే. మా వృత్తి పరువు తీశాడు.)

మరి తిడుతూ కూడా ఎందుకు చూస్తున్నారు? కొంత అలవాటు. పది ఎపిసోడ్లు సాగదీసి పదకొండో దాంట్లో ఒక మంచి సన్నివేశం పెడతారు. అది ఏ రోజు వస్తుందో తెలియదు కాబట్టే మానలేం. కానీ ఇలా అడిగినవాళ్లను నేను ఇంకో మాట కూడా అడుగుతుంటాను. మొదట్లో ఆ సీరియల్ ఎవరితో కలిసి చూసేవారు? అత్తగారితోనా, పెళ్లయి వెళ్లిపోయిన అమ్మాయితోనా, పక్కింటావిడతోనా? ఆ మనిషి ఇప్పుడు పక్కన ఉన్నారా? చాలామందికి కథ చప్పబడడం కన్నా, దాని గురించి మాట్లాడుకునే మనిషి లేకపోవడమే పెద్ద వెలితి. మీ విషయంలో అదే అయితే ఆవిడకు ఫోన్ చేసి ఇద్దరూ కలిసి ఆ సీరియల్‌ని తిట్టుకోండి. నిజంగానే చెబుతున్నాను.

ఇంకో సంగతి గమనించుకోవాలి. విసుగు ఆ సీరియల్ ఒక్కదాని మీదేనా? మనవలొచ్చినా, గుడికెళ్లినా, ఇష్టమైన కూర వండుకున్నా అలాగే ఉంటోందా? రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకుండా, దిగులుగా, నిద్ర, ఆకలి తప్పి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి మంచి వైద్యం ఉంది. సైకియాట్రిస్టును కలవండి. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోండి, అది తగ్గినా మనిషి ఇలాగే నీరసంగా, నిరాసక్తంగా అయిపోతారు. వెళ్లేందుకు మొహమాటంగా ఉంటే ముందు 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీమానస్ సేవ, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే చెప్పాలి, ఆగకూడదు.

సీరియల్ మానేస్తానని ఒట్లు పెట్టుకోవద్దు. ఒక వారం చూడకుండా ఉండి చూడండి. తర్వాత ఒక్క ఎపిసోడ్ చూస్తే కథ మొత్తం అర్థమైపోతుంది, మీరు పోగొట్టుకునేదేమీ లేదు. రాత్రి మంచం మీద ఫోన్‌లో పాత ఎపిసోడ్లు చూసే అలవాటుంటే అది మాత్రం మానాలి. పడుకునే ముందు గంటసేపు ఫోన్ పక్కన పెట్టండి, మధ్యాహ్నం తర్వాత కాఫీ తాగొద్దు.

బీపీని ఎపిసోడ్ అయిన వెంటనే చూసుకోవద్దు. అయిదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆనించి కూర్చుని చూసుకోవాలి. ఉదయం మాత్రకు ముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, వారం రోజులు రాసిపెట్టండి. ఇంట్లో చూసుకున్న సగటు 135/85 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఆ కాగితం మీ డాక్టరుకు చూపించండి. మందు మార్చాలా, మోతాదు పెంచాలా అన్నది ఆయన చెబుతారు. మీ అంతట మీరు మార్చొద్దు. పై అంకె 180 దాటి, ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడడం, చూపు మసకబారడం లాంటివి ఉంటే వారం లెక్కలు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.