పలుగురాయి శిలా, ఖనిజమా?

సందేహం: పాఠ్యపుస్తకంలో శిలలు వేరు, ఖనిజాలు వేరు అని ఉంది. మన వాడుకలో పలుగురాయి, ముగ్గురాయి, నాపరాయి, గ్రానైటు రాయి అన్నీ రాళ్లే. పిల్లలకు దేన్ని ఖనిజమని, దేన్ని శిల అని చెప్పాలి? బొగ్గు ఎందులోకి వస్తుంది? భూమి లోపలంతా లావా ఉంటుందని రాయవచ్చా?

సమాధానం: గట్టిగా ఉండి నేలలో దొరికే దేన్నైనా 'రాయి' తనలో కలిపేసుకుంటుంది. లోపల ఏముందో చెప్పడం ఆ మాట పని కాదు. శాస్త్రం చూసేది కూర్పును. ప్రకృతిలో దానంతటదే ఏర్పడిన ఘనపదార్థానికి నిర్దిష్టమైన రసాయనిక కూర్పు, పరమాణువుల్లో క్రమమైన అమరిక ఉంటే అది ఖనిజం. ఖనిజాల రేణువులు కలిసి గట్టిపడితే శిల. ఒకే ఖనిజంతో ఏర్పడిన శిలలూ ఉన్నాయి, తికమకంతా వాటితోనే.

పలుగురాయి ఖనిజం. సిలికాన్, ఆక్సిజన్ కలిసి ఏర్పడింది, గాజును గీస్తుంది. తెల్లని పాలరాయి గీయలేదు. తెలుపును నమ్ముకుంటే రెంటినీ ఒకటే అనుకుంటాం. మంగంపేట ముగ్గురాయి కూడా ఖనిజమే, బేరియం సల్ఫేట్. నీటికి దాదాపు నాలుగున్నర రెట్ల సాంద్రత, చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది. ఆ బరువు కోసమే చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలుపుతారు. పేరు చూసి వాకిట్లో వేసే ముగ్గుపిండి అంతా ఇదేననుకోకండి.

నాపరాయి శిల. పలకలుగా ఊడివచ్చే సున్నపురాయి అది, అందులో ప్రధాన ఖనిజం కాల్సైట్. కడప బండ, తాండూరు బండ ఈ కోవవే. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. వంటగట్టు మీద పరిచిన కడప బండపై నిమ్మరసం ఒలికితే తెల్లటి మచ్చ పడేది అందుకే. ఎంత తుడిచినా పోదు, ఎందుకంటే అది మరక కాదు, రాయి పైపొర కరిగి నునుపు పోయిన చోటు. గ్రానైటుకు ఈ బెడద లేదు.

ఆ గ్రానైటు ముక్కనే పిల్లల చేతికివ్వండి. పగిలిన వైపు ఎండలో చూస్తే గాజుపెంకుల్లా బూడిదరంగులో కనిపించేవి పలుగురాయి, తెల్లగానో గులాబీరంగులోనో చదునుగా మెరిసేవి ఫెల్డ్‌స్పార్, నల్లని సన్నరేకులు అభ్రకం. శిల ఒకటి, ఖనిజాలు మూడు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు మాత్రం ఈ పాఠానికి పనికిరాదు. అది బజారులోనే గ్రానైటు, శాస్త్రం లెక్కలో గాబ్రో జాతి శిల. పలుగురాయి రేణువులు అందులో దాదాపు కనిపించవు.

ఇక బొగ్గు. 'ఖని' నుంచే మన 'గని' వచ్చింది, కాబట్టి గనిలో పుట్టిందల్లా ఖనిజమే అనే పాత అర్థంలో సింగరేణి బొగ్గు ఖనిజమే. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం కూడా అలాగే లెక్కిస్తుంది, ఇసుకను, కంకరను సైతం చిన్నతరహా ఖనిజాల్లో చేర్చింది. భూగర్భశాస్త్రంలో మాత్రం బొగ్గు అవక్షేప శిల. మొక్కల అవశేషాల నుంచి వచ్చింది కనుక దానికి ఒకే కూర్పు గానీ, స్ఫటికాల అమరిక గానీ లేదు. వార్తలో ఖనిజమనండి, పాఠంలో శిల అనండి. సందర్భం వచ్చింది కనుక ఇంకొకటి: బయ్యారంలో ఉన్నది 'ముడి ఇనుము' కాదు, ఇనుప ఖనిజం. ముడి ఇనుము కొలిమి దాటాక వచ్చేది.

నేలపైకి ఉబికి వచ్చాకే లావా, లోపల ఉన్నంతసేపు శిలాద్రవం, అంటే మాగ్మా. అదీ అంతటా ఉండదు. భూపటలం మందం ఖండాల కింద సుమారు 35 కిలోమీటర్లు. దాని కింద 2,900 కిలోమీటర్ల లోతు వరకూ ఉన్న ప్రావారం దాదాపు అంతా ఘనపదార్థమే, కాకపోతే అతి నెమ్మదిగా సాగుతుంటుంది. అక్కడి నుంచి సుమారు 5,150 కిలోమీటర్ల లోతు దాకా ఉన్న బాహ్య కేంద్రమండలం ద్రవమే అయినా, అది కరిగిన రాయి కాదు, ప్రధానంగా ఇనుము, నికెల్. కనుక 'భూమి లోపల కొన్ని చోట్ల శిలాద్రవం ఉంటుంది' అని రాయించండి.