బోర్డు మీద పది గంటలు, కుర్చీలో పదకొండు: డాక్టర్ల టైమింగ్స్‌పై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ గురించే. డాక్టర్ల వివరాలు, వాళ్లు కూర్చునే వేళలు ఎక్కించే దగ్గరే చిక్కులన్నీ కనిపించాయి. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్‌కైనా పనికొచ్చేలా జవాబులిస్తున్నాం. మీ స్క్రీన్ మీద బటన్ల పేర్లు కొంచెం వేరుగా ఉండవచ్చు.

ప్ర: మాది హనుమకొండల ముప్పై పడకల దవాఖాన. మా ఫిజిషియన్ సారు పొద్దున ఇక్కడ, సాయంత్రం కాజీపేట బ్రాంచిల చూస్తరు. రెండు చోట్ల ఉంటరని రెండు ప్రొఫైల్స్ చేసినం. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి రెండు దిక్కులా బుకింగ్ పడుతున్నది. ఏం చేయాలె?
– ఓపీ ఇన్‌చార్జి, హనుమకొండ

జ: మనిషి ఒక్కరే గనుక ప్రొఫైల్ కూడా ఒక్కటే ఉండాలి. మీరు రెండు చేసేసరికి సాఫ్ట్‌వేర్ లెక్కలో వాళ్లు ఇద్దరు వేర్వేరు డాక్టర్లయ్యారు. ఒకరు బిజీగా ఉంటే రెండోవారిని ఆపాలని దానికి తెలియదు.

దీన్ని మూడు పొరలుగా చూడండి. మొదటిది మనిషి: పేరు, డిగ్రీ, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు. రెండోది ఆయన పాత్ర: ఏ బ్రాంచి, ఏ విభాగం, అక్కడి ఫీజు ఎంత. మూడోది ఆ పాత్రకు తగిలించిన వేళలు. ఆరోగ్య సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణంలో కూడా ప్రాక్టీషనర్, ప్రాక్టీషనర్ రోల్, షెడ్యూల్, స్లాట్ అని ఇలాగే విడదీశారు. మీ సారుకు ఒక ప్రొఫైల్, రెండు పాత్రలు, రెండు షెడ్యూళ్లు ఉంటే సరిపోతుంది.

సరిచేసేటప్పుడు తొందరపడి ఒక ప్రొఫైల్‌ను డిలీట్ కొట్టొద్దు. పాత బిల్లులు, ప్రిస్క్రిప్షన్లు దానికే వేలాడుతుంటాయి. ముందు రెండో ప్రొఫైల్‌లో కొత్త బుకింగులు ఆపండి. రాబోయే అపాయింట్‌మెంట్లన్నీ మొదటి ప్రొఫైల్‌కు మార్చండి. ఆ తర్వాత రెండోదాన్ని ఇన్‌యాక్టివ్ చేయండి. ఇక్కడ ఓపీ అయిపోవడానికీ అక్కడ మొదలవడానికీ మధ్య ప్రయాణానికి కనీసం ముప్పావుగంట బ్లాక్ పెట్టండి. చౌరస్తా దగ్గర సాయంత్రం ట్రాఫిక్ సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

ప్రొఫైల్ నింపేటప్పుడు పేరు మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఎలా ఉందో అలాగే రాయండి. జనం పిలిచే పేరుకు వేరే గడి ఉంటుంది. శ్రీనివాస్ లాంటి పేరును ఇంగ్లిషులో నాలుగు రకాలుగా రాస్తారు గనుక ఆ రూపాలన్నీ, తెలుగు రూపంతో సహా, సెర్చ్ పదాల్లో చేర్చండి. రిజిస్ట్రేషన్ నంబరు ఒక్కటే రాస్తే చాలదు, ఏ కౌన్సిల్ అన్నది కూడా ఉండాలి. రాష్ట్ర విభజనకు ముందు చేరినవారి దగ్గర ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ నంబరు ఉండొచ్చు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం ప్రిస్క్రిప్షన్ మీద, సర్టిఫికెట్ మీద, ఫీజు రసీదు మీద ఈ నంబరు ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఆ మూడింటినీ ఇక్కడి నుంచే ప్రింట్ చేస్తుంది. ఇక్కడ ఒక అంకె తప్పితే ప్రతి కాగితం మీదా తప్పుతుంది. మాట్లాడే భాషల్లో ఉర్దూ వస్తే తప్పక టిక్ పెట్టండి. లేడీ డాక్టర్ కావాలని వెతికేవారు చాలామంది ఉంటారు కాబట్టి స్త్రీ/పురుషుడు అనే గడిని కూడా ఖాళీగా వదలొద్దు.

'డాక్టర్ గురించి' అనే పెట్టెలో మాత్రం టైమింగ్స్ రాయకండి. షెడ్యూల్ మారినా ఆ వాక్యం అక్కడే ఉండిపోతుంది, జనం దాన్నే నమ్ముకుని వస్తారు.

ప్ర: హైదరాబాద్ నుంచి న్యూరో డాక్టర్ గారు మా దగ్గరికి రెండో ఆదివారం, నాలుగో ఆదివారం వస్తారు. 'రెండు వారాలకోసారి' అని పెట్టాం. కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత డాక్టర్ రాని రోజుకు బుకింగులు పడ్డాయి.
– మేనేజర్, కరీంనగర్

జ: రెండు వారాలకోసారి రావడం వేరు, రెండో ఆదివారం నాలుగో ఆదివారం రావడం వేరు. ఐదు ఆదివారాలున్న నెల రాగానే లెక్క జారిపోతుంది. 2026 మార్చి చూడండి: 1, 8, 15, 22, 29 ఆదివారాలు. డాక్టర్ గారు వచ్చేది 8న, 22న. ఏప్రిల్‌లో రావాల్సింది 12న. మీ సాఫ్ట్‌వేర్ మాత్రం 22కు పద్నాలుగు రోజులు కలిపి ఏప్రిల్ 5 అని చూపిస్తుంది. రిపీట్ సెట్టింగ్‌లో 'వారం' బదులు 'నెల' ఎంచుకుని, దాని కింద రెండో ఆదివారానికి ఒక రూలు, నాలుగో ఆదివారానికి ఇంకొక రూలు పెట్టండి. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ సౌకర్యం లేకపోతే రిపీట్ జోలికి పోకుండా ఆరు నెలల తేదీలు చేత్తో ఎక్కించండి. మహా అయితే పన్నెండు ఎంట్రీలు.

మీరు అడగలేదు గానీ ఇందులోనే ఇంకో మెలిక ఉంది. చాలా ఆసుపత్రుల్లో ఫీజు లేకుండా మళ్లీ చూపించుకునే (ఉచిత రివ్యూ) గడువు ఏడు రోజులో పది రోజులో ఉంటుంది. అదే గడువు విజిటింగ్ డాక్టరుకూ పెడితే ఆయన మళ్లీ వచ్చేలోపే అయిపోతుంది, కౌంటర్ దగ్గర గొడవ ఖాయం. మార్చి 22 నుంచి ఏప్రిల్ 12కు 21 రోజులు. ఆయన ప్రొఫైల్‌లో గడువు 21 రోజులైనా పెట్టండి, లేదా 'తర్వాతి ఒక విజిట్' అనే ఆప్షన్ ఉంటే అది ఎంచుకోండి.

ప్ర: బోర్డు మీద ఓపీ పదింటికి అని ఉంటది. సారు రౌండ్సు చేసుకుని వచ్చేసరికి పదకొండు. ఊర్ల నుంచి ఫస్టు బస్సుకు వచ్చినోళ్లు నంబరు రాయించుకుని కూర్చుంటరు, ఆన్‌లైన్‌ల బుక్ చేసుకున్నోళ్లు నేరుగ లోపలికి పోతమంటరు. రోజూ తలుపు కాడ లొల్లి. స్లాటుకు ఎన్ని నిమిషాలు పెట్టాలె?
– రిసెప్షనిస్టు, నర్సంపేట

జ: నిమిషాల సంగతి తర్వాత చూద్దాం. ముందు బోర్డు మీది టైమ్ పక్కన పెట్టి, సారు నిజంగా కుర్చీలో కూర్చునే టైమ్ ఎక్కించండి. పదింటికి స్లాట్ తెరిచి పదకొండుకు పిలిస్తే మొదటి గంట బాకీ సాయంత్రం దాకా తీరదు. రెండు వారాలపాటు ఒక నోట్‌బుక్‌లో రోజూ మూడు టైమ్‌లు రాయండి: సారు వచ్చింది, మొదటి పేషెంట్ లోపలికి వెళ్లింది, చివరి పేషెంట్ బయటికొచ్చింది. ఒక్కో రకం టైమ్‌లను విడిగా వరసగా పేర్చి మధ్యలో వచ్చేది తీసుకోండి. సగటు వద్దు, ఒక్కరోజు ఎమర్జెన్సీతో సగటు చెడిపోతుంది. మీ సారుకు ఈ లెక్కలు చూపించి ఒప్పించడం మీ వల్ల కాకపోతే మేనేజర్‌తో చెప్పించండి. ఇది సాఫ్ట్‌వేర్‌తో తెగే పంచాయితీ కాదు.

పదకొండు నుంచి రెండు దాకా అనుకుందాం, అంటే 180 నిమిషాలు. కొత్త పేషెంటుకు 12 నిమిషాలు, రివ్యూకు 6 నిమిషాలు పడుతుందనుకుంటే ఎనిమిది మంది కొత్తవారికి 96, పది మంది రివ్యూలకు 60, కలిపి 156 నిమిషాలు. మిగిలిన 24 నిమిషాలను ఓపీ చివర్లో కాకుండా గంటకు ఎనిమిది చొప్పున వదలండి. చివర్లో పెడితే అప్పటికే ఆలస్యం అందరికీ చుట్టుకుని ఉంటుంది. కొత్త, రివ్యూ అని రెండు అపాయింట్‌మెంట్ రకాలు చేసి ఒక్కోదానికి దాని నిమిషాలు ఇవ్వండి. అందరికీ పది నిమిషాలని ఒకటే కొలత పెడితే రెండు రకాలకూ తప్పే.

ఇక బస్సు దిగి వచ్చేవారి సంగతి. 11:36కు రమ్మంటే ఎవరూ రారు, రాలేరు కూడా. గంటల వారీగా బుక్ చేయండి. పై లెక్కన గంటకు ఆరుగురు. అందులో నాలుగు ఫోనుకు, ఆన్‌లైన్‌కు, రెండు కౌంటర్‌కు. ఆన్‌లైన్‌లో ఎవరూ తీసుకోనివి ఆ గంటకు అరవై నిమిషాల ముందు కౌంటర్‌కు వచ్చేలా రిలీజ్ సెట్టింగ్ పెట్టండి. మెసేజ్‌లో '11–12 మధ్య' అనే పంపండి. టోకెన్ నంబరు బుక్ చేసినప్పుడు కాకుండా మనిషి వచ్చి, మీరు 'వచ్చారు' అని టిక్ పెట్టినప్పుడు పడాలి. ఆ గంటలోపు ఎవరు ముందొస్తే వాళ్లే ముందు. ఆన్‌లైన్ వాళ్లకూ ఇదే రూలు. దాన్ని తెలుగులో పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించండి. ఓవర్‌బుకింగ్ గంటకు ఒకటి మించనీయకండి. ఆ గడి ఖాళీగా వదిలితే కొన్ని సాఫ్ట్‌వేర్లు పరిమితి లేదని అర్థం చేసుకుంటాయి, అది చూసుకోండి.

ప్ర: సార్‌కు అర్జెంటుగా ఆపరేషన్ పడి ఆ రోజు షెడ్యూల్ తీసేశాను. బుకింగులన్నీ లిస్టులోంచి మాయమయ్యాయి, ఎవరికి ఫోన్ చేయాలో తెలియలేదు. పేషెంట్లకు మాత్రం రిమైండర్లు పోయాయి.
– ఫ్రంట్ ఆఫీస్, జగిత్యాల

జ: బుకింగ్ అనేది స్లాటును పట్టుకుని ఉంటుంది. స్లాటు పోతే స్క్రీన్ మీద దానికి చోటుండదు. రిమైండర్ మాత్రం అప్పటికే వరసలో చేరి ఉంటుంది, దాని దారిన అది వెళ్తుంది. అందుకే షెడ్యూల్ ఎప్పుడూ తీసేయకుండా 'బ్లాక్' పెట్టాలి. ముందు ఆ గంటలకు బ్లాక్ పెడితే కొత్త బుకింగులు ఆగుతాయి. తర్వాత అందులో ఇరుక్కున్నవారి లిస్టు ప్రింట్ తీయండి. ఒక్కొక్కరినీ వేరే తేదీకి మార్చండి. మెసేజ్ చివర్న పంపండి. లిస్టు తీయకముందే 'అందరికీ క్యాన్సిల్' నొక్కితే దూరం నుంచి వచ్చే ముసలివాళ్లకు ఫోన్ చేసే అవకాశం పోతుంది. బుకింగ్ కొడుకు నంబరు మీద ఉంటుంది, ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు, మెసేజ్ ఆయనకే పోతుంది.

టైమింగ్స్ శాశ్వతంగా మారినప్పుడు కూడా పాత షెడ్యూల్‌ను దిద్దొద్దు. దానికి నెలాఖరును ముగింపు తేదీగా ఇచ్చి, ఒకటో తారీఖు నుంచి కొత్తది మొదలుపెట్టండి. పది నిమిషాల స్లాట్లను పదిహేనుకు దిద్దితే 10:10కి బుక్ చేసుకున్న మనిషి ఏ స్లాటుకూ చెందకుండా మిగిలిపోతాడు.

మెసేజ్‌ల విషయం: తెలుగు ఎస్ఎంఎస్‌కు 70 అక్షరాలే, దాటితే ఒక్కో ముక్కకు 67. గుణింతం గుర్తులు, పొల్లులు కూడా విడిగా లెక్కకొస్తాయి. 'డాక్టర్' అన్న మాటే ఏడు. కాబట్టి ప్రొఫైల్‌లో ఎస్ఎంఎస్ కోసం పొట్టి పేరు ఒకటి పెట్టుకోండి. క్యాన్సిల్ మెసేజ్ టెంప్లేట్‌ను డీఎల్‌టీలో (సంస్థలు పంపే ఎస్ఎంఎస్‌లను టెలికాం కంపెనీల దగ్గర నమోదు చేసే వ్యవస్థ) ముందే రిజిస్టర్ చేయించి ఉంచండి. అవసరం పడ్డ రోజున అప్పటికప్పుడు అప్రూవల్ రాదు.

సెలవుల క్యాలెండర్ కూడా ఓసారి చూడండి. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే జాబితాలో సద్దుల బతుకమ్మ, మేడారం జాతర సాధారణంగా ఉండవు. తిథి ప్రకారం వచ్చేవాటికి 'ప్రతి ఏడాదీ అదే తేదీ' పెట్టొద్దు. జాతర రెండేళ్లకోసారి, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు.

ప్ర: ఉదయం తొమ్మిదికి పెట్టిన స్లాట్ ఆన్‌లైన్‌లో తెల్లవారుజాము మూడున్నరకు కనిపిస్తోంది.
– క్లినిక్ నిర్వాహకుడు, మంచిర్యాల

జ: టైమ్ జోన్ తేడా. మన సమయం యూటీసీ (ప్రపంచమంతా ప్రామాణికంగా తీసుకునే సమయం) కంటే ఐదున్నర గంటలు ముందు. బ్రాంచి సెట్టింగ్‌లోనూ సర్వర్‌లోనూ 'ఆసియా/కోల్‌కతా' ఉందో లేదో చూడండి. మధ్యాహ్నం రెండున్నర అని కనిపిస్తే ఐదున్నర గంటలు తగ్గడానికి బదులు కలిసినట్టు. ఎటైనా స్లాటు టైమ్‌ను చేత్తో ముందుకో వెనక్కో జరిపి సరిపెట్టొద్దు. తర్వాత ఎవరైనా అసలు సెట్టింగ్ సరిచేశారంటే బుకింగులన్నీ ఒక్కసారిగా ఐదున్నర గంటలు జరుగుతాయి.

ప్ర: మా స్కానింగ్ సెంటర్‌కు వచ్చే రేడియాలజిస్టు ఇంకో రెండు చోట్ల కూడా చూస్తారు. సాఫ్ట్‌వేర్‌లో ఎలా పెట్టాలి?
– స్కానింగ్ సెంటర్, పెద్దపల్లి

జ: ఆ రెండూ ఇదే జిల్లాలో అల్ట్రాసౌండ్ కేంద్రాలైతే మీదానితో కలిపి మూడవుతాయి గనుక షెడ్యూల్ కంటే ముందు చూసుకోవాల్సింది వేరే ఉంది. పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించే చట్టం) నిబంధనలకు 2012లో వచ్చిన సవరణ ప్రకారం అల్ట్రాసౌండ్ చేసే డాక్టరు ఒక జిల్లాలో గరిష్ఠంగా రెండు కేంద్రాల్లోనే రిజిస్టర్ కావాలి, ఆయన వేళలను ప్రతి కేంద్రం స్పష్టంగా పేర్కొనాలి. జిల్లా అధికారికి ఇచ్చిన కాగితంలో ఏ వేళలున్నాయో షెడ్యూల్‌లో అవే ఎక్కించండి, ఆ వేళల బయట స్లాట్ తెరుచుకోకుండా ఆన్‌లైన్, కౌంటర్ రెండు చోట్లా తాళం వేయండి. డాక్టర్ గారు వేళలు మార్చుకుంటే ముందు ఆ కాగితం మారాలి, షెడ్యూల్ ఆ తర్వాతే.