వీఎఫ్‌ఎక్స్ ఉద్యోగం: బాండుకు భయం వద్దు, షోరీల్‌తో జాగ్రత్త

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక వీఎఫ్‌ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్) స్టూడియోలో కంపోజిటర్‌గా (విడివిడిగా తయారైన దృశ్యాలను ఒకే షాట్‌గా కలిపే పని) పనిచేస్తున్నాను. జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) బీఎఫ్‌ఏ యానిమేషన్ చదివాను. చేరేటప్పుడు రెండేళ్ల బాండు రాయించుకున్నారు. మధ్యలో మానేస్తే 3 లక్షలు కట్టాలట. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం చేసిన ఖాళీ చెక్కు వాళ్ల దగ్గరే ఉన్నాయి. 20 నెలలుగా ఒక అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సీరియల్‌కే పని చేశాను. అంతరిక్ష నౌక కాక్‌పిట్ షాట్లు చాలావరకు నా చేతి మీదుగానే వెళ్లాయి. సీరియల్ విడుదలైంది కానీ టైటిల్స్‌లో నా పేరు లేదు. వాంకూవర్‌లో ఒక స్టూడియో నా రీల్ (చేసిన పనిని చూపే నమూనా వీడియో, షోరీల్) అడిగితే ఆరు షాట్లు బ్రేక్‌డౌన్‌తో (షాట్ ఎలా తయారైందో దశలవారీగా చూపడం) సహా ఆన్‌లైన్‌లో పెట్టాను. వారం తిరక్కుండా హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది: ‘ఎన్‌డీఏ (గోప్యతా ఒప్పందం) ఉల్లంఘించారు, లీగల్ యాక్షన్ తీసుకుంటాం’ అని. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. రాజీనామా చేస్తే బాండు డబ్బు కట్టాల్సిందేనా? సర్టిఫికెట్లు ఇవ్వకపోతే ఎలా? ఏడాది పాటు వేరే స్టూడియోలో చేరకూడదన్న షరతు చెల్లుతుందా? నా పేరు వేయించుకోవచ్చా? అగ్రిమెంటు కాపీ జతచేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: మీ ప్రశ్నలన్నీ బాండు, సర్టిఫికెట్లు, పేరు చుట్టూనే తిరుగుతున్నాయి. రీల్ గురించి అసలు ప్రశ్నే లేదు. నేను మాత్రం రీల్‌తోనే మొదలుపెడతాను. ఈ మొత్తం వ్యవహారంలో మీకు నిజంగా దెబ్బ తగలగలిగింది అక్కడే.

ఆ వీడియోను ఇవాళే తీసేయండి. పాస్‌వర్డ్ పెట్టాను కదా, లింకు ఉన్నవాళ్లకే కనిపిస్తుంది కదా అని ఊరుకోవద్దు. పాస్‌వర్డ్ పెట్టినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. ఆ షాట్ల మీద రాత్రింబవళ్లు కూర్చున్నది మీరే కావచ్చు. కానీ కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 17 ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమానే. వేరేలా రాసుకుంటే తప్ప ఇది మారదు, మీ అగ్రిమెంటులో అలాంటిదేమీ లేదు. పైగా మీ స్టూడియో ఆ హక్కును తనకు పని ఇచ్చిన పెద్ద స్టూడియోకి, అది అమెరికాలోని నిర్మాతకు రాసిచ్చేసి ఉంటాయి. కాబట్టి మీ హెచ్‌ఆర్ మేనేజర్ రేపు మనసు మార్చుకుని ‘సరే పెట్టుకో’ అన్నా ఆ మాట చాలదు. అనుమతి పైనుంచి రావాలి.

మీ అగ్రిమెంటులో 11వ క్లాజు మళ్లీ చదవండి. ప్లేట్లు (కెమెరాతో తీసిన అసలు దృశ్యాలు), ప్రాజెక్టు ఫైళ్లు, మధ్యలో ఉన్న రెండర్లు (కంప్యూటర్ తయారుచేసిన దృశ్యాలు), తుది షాట్లు – వీటిలో దేన్నయినా ‘ప్రసారానికి ముందు గానీ తర్వాత గానీ’ క్లయింటు రాతపూర్వక అనుమతి లేకుండా బయట చూపకూడదని ఉంది. సీరియల్ విడుదలైపోయింది కాబట్టి ఇక రహస్యమేముందని మీరు అనుకున్నారు. చాలామంది ఆర్టిస్టులు అలాగే అనుకుంటారు. విడుదలతో అడ్డు తొలగిపోయే అగ్రిమెంట్లు ఉన్నాయి కానీ మీది అలాంటిది కాదు.

మీ రీల్‌లో మూడో షాట్ చూశాను. మొదట నీలం తెర ముందు ప్లైవుడ్ కుర్చీలో నటి, వెనక ట్రాకింగ్ మార్కర్లు (కెమెరా కదలికను లెక్కించడానికి పెట్టే గుర్తులు). ఆ తర్వాత రోటో, కీయింగ్ (నటిని నేపథ్యం నుంచి విడదీసే పనులు). అద్దం మీద గ్రహం ప్రతిబింబం, చివరికి నక్షత్రాలు. ఆఖరి ఫ్రేమును లోకమంతా చూసింది. ఆ ప్లైవుడ్ కుర్చీని మాత్రం బయటివాళ్లు ఎవరూ చూడలేదు. క్లయింటుకు మండేది దానికే. ఉద్యోగం ఇచ్చేవాడు చూడాలనుకునేదీ దాన్నే, అదే చిక్కు. విమర్శ, సమీక్ష, సొంత వాడకం వంటి వాటికి సెక్షన్ 52 ఇచ్చే మినహాయింపు పబ్లిక్‌గా పెట్టిన షోరీల్‌ను కాపాడుతుందని నేను మీకు భరోసా ఇవ్వలేను.

మీరు రాయని విషయం ఒకటి ఉంది. ఆ ప్లేట్లు మీకు ఎలా వచ్చాయి? తుది షాట్లను టీవీలో వచ్చినదాని నుంచి రికార్డు చేసుకుని ఉంటే అది కాపీరైట్, కాంట్రాక్టు తగాదా. ఆఫీసు సర్వర్ నుంచి కాపీ చేసుకుని ఉంటే ఐటీ చట్టంలోని సెక్షన్ 43 వస్తుంది. దురుద్దేశంతో చేశారని నిరూపిస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. 2017 ఆగస్టులో ఒక అమెరికన్ సీరియల్ ఎపిసోడ్ ప్రసారానికి ముందే లీకైతే ముంబైలో నలుగురు అరెస్టయ్యారు. మీది విడుదల తర్వాతి సంగతి, డబ్బు కోసం చేసింది కాదు, కాబట్టి అంత దూరం వెళ్తుందనుకోను. అయినా హెచ్‌ఆర్‌కి జవాబు రాసేటప్పుడు ‘సారీ సర్, సర్వర్ నుంచి తీసుకున్నాను, తెలియక చేశాను’ అని కరిగిపోకండి. రెండు ముక్కలు చాలు: ‘మీ మెయిల్ అందింది, వీడియో తొలగించాను. నా హక్కులనూ వాదనలనూ అట్టే పెట్టుకుంటున్నాను.’ ఇంట్లో ఆఫీసు ఫైళ్లు ఏమైనా ఉంటే వాటిని ఎలా తిరిగి ఇవ్వాలో లాయరుతో మాట్లాడి చేయండి, కంగారులో చెరిపేసుకోవద్దు. ఇక నుంచి ఒక్క ఫ్రేము కూడా ఆఫీసు గడప దాటకూడదు. మీరు న్యూక్‌లో (కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్) రాసుకున్న స్క్రిప్టులు, గిజ్మోలకు (అందులో తయారుచేసుకునే చిన్న టూల్స్) కూడా ఇదే వర్తిస్తుంది.

వాంకూవర్ వాళ్లకు నిజమే చెప్పండి. ఎన్‌డీఏ ఉంది, క్లయింటు ఒప్పుకున్న షాట్లు మాత్రమే చూపగలను, కావాలంటే టెస్ట్ ఇవ్వండి, చేసి చూపిస్తాను అని. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఇందుకు మిమ్మల్ని తక్కువగా చూడరు. రేపు తమ షాట్లు కూడా భద్రంగా ఉంటాయని వాళ్లకు అర్థమవుతుంది. ఈలోగా మీ స్టూడియోకి మెయిల్ పెట్టి, రీల్‌లో వాడుకోదగ్గ షాట్ల జాబితా క్లయింటు నుంచి తెప్పించమని అడగండి. విడుదలయ్యాక కొన్నిటికైనా ఒప్పుకునే క్లయింట్లు ఉంటారు.

ఇక బాండు. ఎవరినీ బలవంతంగా ఉద్యోగం చేయించమని కోర్టు ఆదేశించదు. కాబట్టి రాజీనామా చేసి నోటీసు పీరియడ్ పూర్తిచేస్తే మిమ్మల్ని ఆపే శక్తి ఎవరికీ లేదు. మిగిలింది డబ్బు. కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 74 ప్రకారం ఒప్పందంలో రాసుకున్న అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారం ఎంతో కోర్టు చూస్తుంది. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2 లక్షల బాండును సమర్థించింది కదా అని మీ హెచ్‌ఆర్ అనవచ్చు. నిజమే, సమర్థించింది. అయితే అది ప్రభుత్వ రంగ బ్యాంకు. బహిరంగ ప్రకటన ఇచ్చి, అందరికీ అవకాశమిచ్చి మళ్లీ ఒక అధికారిని ఎంపిక చేసుకోవడానికయ్యే ఖర్చును కోర్టు లెక్కలోకి తీసుకుంది. మీ స్టూడియో మీ మీద పెట్టిన ఖర్చేమిటి? మీరు రాసినదాని ప్రకారం, ఒక సీనియర్ పక్కన కూర్చోబెట్టి ఆరు వారాలు నేర్పించారు, ఏడో వారం నుంచి మీరు క్లయింటుకు బిల్లయ్యే షాట్లు చేస్తున్నారు. 24 నెలల్లో 20 నెలలు అయిపోయాయి. ఈ పరిస్థితిలో 3 లక్షలు పూర్తిగా రాబట్టడం వాళ్లకు తేలిక కాదు. నన్నడిగితే, వాంకూవర్ వీసాకు ఎలాగూ సమయం పడుతుంది కాబట్టి ఆ నాలుగు నెలలు పూర్తిచేసి వెళ్లడమే అన్నిటికన్నా చవకైన పరిష్కారం. పట్టుదలకు పోయి కోర్టు చుట్టూ తిరగాల్సినంత విషయం ఇందులో లేదు.

ఖాళీ చెక్కు మాత్రం ఉత్త బెదిరింపు కాదు. దాన్ని నింపి బ్యాంకులో వేస్తే, అది బౌన్సయితే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కేసు పెట్టవచ్చు. చెక్కు అప్పు తీర్చడానికే ఇచ్చారని చట్టం ముందే అనుకుంటుంది. కాదని చూపించుకోవాల్సింది మీరే. ‘స్టాప్ పేమెంట్’ ఇచ్చేస్తే గొడవ వదులుతుందని స్నేహితులు చెబుతారు. వదలదు, ఆ కారణంతో చెక్కు తిరిగొచ్చినా 138 వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. ముందు స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి: ఫలానా నంబరు చెక్కును చేరేటప్పుడు హామీగా ఖాళీగా ఇచ్చాను, నేను మీకు ఏమీ బాకీ లేను, తిరిగి ఇవ్వండి అని. ఒకవేళ చెక్కు వేసి డిమాండు నోటీసు పంపితే మీకు 15 రోజులే ఉంటాయి. ఆ నోటీసుకు జవాబు ఇవ్వకుండా ఊరుకోవడం కన్నా తెలివితక్కువ పని ఇంకొకటి లేదు.

సర్టిఫికెట్ల విషయంలో మీదే పైచేయి. ఇతరుల వస్తువును బాకీ కింద అట్టే పెట్టుకునే సాధారణ హక్కును కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 171 కొందరికే ఇచ్చింది: బ్యాంకర్లు, ఫ్యాక్టర్లు (ఇతరుల సరుకు అమ్మిపెట్టే ఏజెంట్లు), రేవు గిడ్డంగుల వాళ్లు, హైకోర్టు అటార్నీలు, బీమా పాలసీ బ్రోకర్లు. ఈ వరసలో వీఎఫ్‌ఎక్స్ స్టూడియో ఎక్కడా లేదు. ప్రత్యేకంగా ఒప్పందం రాసుకుంటే వేరే సంగతి. మీ అగ్రిమెంటులో ‘పరిశీలన నిమిత్తం సమర్పించవలెను’ అని మాత్రమే ఉంది. పరిశీలన 20 నెలలు సాగదు. మీ దగ్గర అందినట్టు రసీదు ఉందన్నారు, అది బంగారం, జాగ్రత్త చేసుకోండి. లాయరు నోటీసు వెళ్లాక చాలామంది యజమానులు ఇచ్చేస్తారు. ఇవ్వకపోతే, ఆ వస్తువే తిరిగి ఇప్పించమని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు.

ఏడాది పాటు ఇంకెక్కడా చేరకూడదన్న షరతు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం చెల్లుతుంది, మానేశాక కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ముందు నిలబడదు. రహస్యాలు బయటపెట్టకూడదన్న షరతు మాత్రం మానేశాక కూడా మీ వెంటే వస్తుంది.

పేరు దగ్గర మీకు నచ్చని జవాబు చెప్పాలి. 1993లో బాబిలాన్ 5 అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ పైలట్ (మొట్టమొదటి) ఎపిసోడ్‌కి అమిగా కంప్యూటర్ల మీద అంతరిక్ష నౌకలను గీసి ఎమ్మీ టీవీ అవార్డు గెలిచినప్పుడు ఆ పని చేసింది ఒక చిన్న స్టూడియో. ఇప్పుడు ఒక్క ఎపిసోడ్ పని నాలుగైదు దేశాల్లోని స్టూడియోలు పంచుకుంటున్నాయి. టైటిల్స్‌లో ఒక్కో స్టూడియోకి ఇన్ని పేర్లని పరిమితి పెడతారు. మీ స్టూడియో నేరుగా కాకుండా ఇంకో స్టూడియో కింద చేసింది కాబట్టి మీదాకా ఆ వరస రాలేదు. అగ్రిమెంటులో కూడా ‘క్రెడిట్ పూర్తిగా నిర్మాత ఇష్టం’ అని ఉంది. కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 57 రచయితకు తన పేరు చెప్పుకునే హక్కు ఇస్తుంది, హక్కులు రాసిచ్చేసినా అది పోదు. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ కుడ్య శిల్పం కేసులో 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ హక్కుకు ఎంత బలముందో చూపించింది. కానీ అక్కడ శిల్పి ఒక్కడు, శిల్పం ఒక్కటి. మీరు మ్యాట్ పెయింటింగో (గీసిన నేపథ్య దృశ్యం), కాన్సెప్ట్ ఆర్టో (ముందుగా గీసే ఊహాచిత్రం) చేసి ఉంటే అది విడిగా ఒక కళాకృతి అని గట్టిగా వాదించవచ్చు. ఇతరుల ప్లేట్లు, ఇతరుల సీజీని (కంప్యూటర్‌లో తయారైన బొమ్మలు) కలిపి చేసే కంపోజిటింగ్‌లో ఆ వాదన బలహీనం. చట్టం దృష్టిలో సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్‌కు రచయిత నిర్మాతే. అమెరికాలో కేసు వేద్దామంటారా, అక్కడ ‘వర్క్ ఫర్ హైర్’ అంటే రచయితగా లెక్కకొచ్చేది కూడా పని చేయించుకున్నవాడే.

అందుకని కోర్టును పక్కనపెట్టి కాగితం సంపాదించండి. ఏ సీజన్, ఏ ఎపిసోడ్లు, ఏ హోదాలో పనిచేశారో రాసిన అనుభవ పత్రం అడగండి. టైటిల్స్‌లో లేకపోయినా ‘అన్‌క్రెడిటెడ్’ అని ఐఎమ్‌డీబీలో (సినిమా, టీవీ వివరాల వెబ్‌సైటు) నమోదు చేసుకునే వీలుంది. క్లయింటు పేరు బయటపెట్టే విషయంలో 11వ క్లాజు ఏమంటుందో చూసుకుని, మీ సూపర్‌వైజరు చేత మెయిల్‌లో సరే అనిపించుకుని అప్పుడు చేయండి. అనుభవ పత్రం ఇవ్వబోమని మొండికేస్తే ఫారం 16, ఈపీఎఫ్ పాస్‌బుక్, పే స్లిప్పులు మీరు ఎక్కడ ఎంతకాలం చేశారో చెబుతాయి. వీటిని ఆఫీసు మెయిల్ ఉండగానే దించుకోండి. ఇవి మీ సొంత కాగితాలు, రహస్యాలు కావు.

మీ స్నేహితుల్లో ఫ్రీలాన్సుగా చేసేవాళ్లుంటే వాళ్లకు ఒక మాట చెప్పండి. జీతగాళ్ల గురించి నేను చెప్పింది వాళ్లకు వర్తించకపోవచ్చు. హక్కులు రాసిచ్చే కాగితం సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే.

చివరి జీతం సంగతి మీరు అడగలేదు కానీ రేపు అడుగుతారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాళ్లకు కూడా రెండు పనిదినాల్లో జీతం చెల్లించాలి. ‘ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజులకు’ అన్న పాత పాట ఇక చెల్లదు. ఇవ్వకపోతే మూడేళ్లలోపు క్లెయిము వేయవచ్చు. లాస్ ఏంజలెస్‌లో ఉదయం పదింటికి రివ్యూ అంటే వేసవిలో మనకు రాత్రి పదిన్నర. ఆ కాల్స్ కోసం ఆగిపోయిన రాత్రుల లాగిన్ వివరాలు, క్యాబ్ రసీదులు ఉంటే తీసి పెట్టండి, ఓవర్‌టైమ్ అడగాల్సి వస్తే పనికొస్తాయి.

లాయరు ఫీజు గురించి వెనకాడుతున్నట్టు రాశారు. న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం, 1987లోని సెక్షన్ 12 కింద మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. అగ్రిమెంటు, చెక్కు నంబరు, సర్టిఫికెట్ల రసీదు, హెచ్‌ఆర్ మెయిల్ ప్రింటు పట్టుకుని మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి. రాజీనామా మెయిల్ ఆ తర్వాతే పంపండి.