పీహెచ్‌డీ మొదలుపెట్టిన మా పాపకి

పాపా,

నువ్వు పంపిన సినాప్సిస్ (నీ పరిశోధన ఎట్ల చేస్తావో రాసిన ప్లాన్) మొత్తం చదివినా. డిగ్రీ పిల్లోళ్ళకి ఇన్ఫర్మేషన్ లిటరసీ, అంటే కావాల్సిన సమాచారం వెతికి, అది నమ్మదగ్గదో కాదో తేల్చి వాడుకునే నేర్పు, ఎంత ఉండాది, దాన్ని ఎట్ల నేర్పాల అనే టాపిక్ తీసుకున్నందుకు చానా సంతోషం. కాలేజీ లైబ్రరీలోనే రిటైర్ అయినదాన్ని, ఆ పని ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ పద్ధతి మార్చుకోమ్మా. కర్నూలు, అనంతపురం, కడప కాలేజీల్లో క్వశ్చనీర్ (ప్రశ్నల కాగితం) పంచి "మీకు నెట్‌లో వెతకడం వస్తుందా" అని అడిగి, ఐదు గడుల్లో టిక్కులు పెట్టించుకోని పర్సెంటేజీలు తీస్తే పిల్లోళ్ళకి ఏమొస్తుందో తెలీదు, వాళ్ళ గురించి వాళ్ళు ఏమనుకుంటాండారో తెలుస్తుంది, అంతే. అమెరికాలో మెలిసా గ్రాస్, డాన్ లేథమ్ అనేవాళ్ళు పిల్లల్ని ముందు నీకెంతొస్తుందని అడిగి తర్వాత నిజం టెస్టు పెట్టినారు, తక్కువ మార్కులొచ్చినోళ్ళే తమని తాము బాగా ఎక్కువగా అంచనా వేసుకున్నారని తేలింది.

మన దగ్గర ఇంకో ఇబ్బంది కూడా ఉండాది. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియం చేసినారు కదా, పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల చేతికి "బూలియన్ ఆపరేటర్స్ వాడతారా" (వెతికేటప్పుడు మాటల మధ్య AND, OR, NOT పెడతారా అని) ఇంగ్లీష్ కాగితం ఇస్తే ఏం చేస్తుంది, పక్కనున్న పిల్ల కాగితం చూసి మూడో గడిలో పైనుంచి కిందికి వరసగా టిక్కులు కొట్టి ఇచ్చేస్తుంది. దాన్ని డేటా అనుకోవద్దు.

పని ఇచ్చి చూడు. 2017లో స్టాన్‌ఫర్డ్‌లో వైన్‌బర్గ్, మెక్‌గ్రూ ఏం చేసినారంటే, 10 మంది హిస్టరీ పీహెచ్‌డీలు, 10 మంది ఫ్యాక్ట్ చెకర్లు, 25 మంది స్టాన్‌ఫర్డ్ స్టూడెంట్లు, వీళ్ళ ముందు వెబ్‌సైట్లు పెట్టి ఎట్ల చూస్తారో గమనించినారు. అందులో ఒక జత ఏందంటే 1930లో పెట్టిన పిల్లల డాక్టర్ల పెద్ద సంఘం సైటు ఒకటి, దాన్నుంచి విడిపోయి అట్లాంటి పేరే పెట్టుకున్న చిన్న గుంపు సైటు ఇంకొకటి. సగానికి పైగా స్టూడెంట్లు చిన్న గుంపు సైటే నమ్మదగ్గదన్నారు, లోగో చూసి, పేజీ నీటుగా ఉందని చూసి. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం ఆ పేజీలో ఎక్కువసేపు కూర్చోకుండా పక్కన కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఈ సంఘం గురించి బయటివాళ్ళు ఏమంటాండారని వెతికినారు. చదువు ఎక్కువ ఉన్నంత మాత్రాన ఆ అలవాటు రాదు పాపా, నేర్పితేనే వస్తుంది.

నువ్వు మన ఊరి పనులు పెట్టు. వాట్సాప్‌లో తిరిగే స్కాలర్‌షిప్ లింక్ ఒకటి ఇచ్చి ఇది నిజమా కాదా తేల్చమను, వేమన పేరుతో తిరిగే పద్యం ఒకటి ఇచ్చి ఇది వేమనదేనా, యాడుంది చూపమను. (తెలుగు పుస్తకాలు సేకరించిన ఇంగ్లీష్ అధికారి సీపీ బ్రౌన్ దొర చేయించింది ఈ పనే, వేర్వేరు ప్రతులు తెప్పించి పండితులతో పోల్పించి, 1829లో వేమన పద్యాలు అచ్చేయించినాడు. కడపలో బ్రౌన్ లైబ్రరీకి పిల్లల్ని తోలుకుపోతే ఇది చెప్పు.) పని చేస్తాంటే మనసులో ఏమనుకుంటాండారో తెలుగులోనే పైకి చెప్పమను, పర్మిషన్ తీసుకోని ఫోన్ స్క్రీన్ రికార్డ్ పెట్టు. ఇరవై మందిని ఇట్ల చూస్తే వచ్చే విషయం ఐదొందల క్వశ్చనీర్లలో రాదు. గైడ్ శాంపిల్ చిన్నదంటే క్వశ్చనీర్ కూడా పెట్టు, కానీ అది పక్క వాయిద్యమే.

నేర్పే భాగానికి వస్తే, ఫస్టియర్‌లో ఒక రోజు లైబ్రరీ ఓరియెంటేషన్ పెట్టి, ర్యాకులు చూపించి పంపించేస్తే పిల్లోళ్ళకి ఏమీ మిగలదు. సబ్జెక్ట్ లెక్చరర్ ఇచ్చే అసైన్‌మెంట్‌లోనే దీన్ని కలపాల, ఆయనా లైబ్రేరియనూ ఇద్దరూ కూర్చోని ప్రశ్న తయారు చేయాల. లెక్చరర్ కలిసి రాకపోతే ఎంత మంచి ప్లాన్ అయినా గోడ మీద కాగితమే అవుతుంది, అందుకని నీ స్టడీలో లెక్చరర్లని కూడా మాట్లాడించు.

ఇంకోటి, ఏసీఆర్‌ఎల్ (అమెరికా కాలేజీ లైబ్రరీల సంఘం) వాళ్ళ 2000 నాటి ఇన్ఫర్మేషన్ లిటరసీ స్టాండర్డ్స్ మీద నీ ప్రశ్నలు కట్టినావు. వాటిని వాళ్ళే 2016లో రద్దు చేసినారు, ఇప్పుడున్నది ఆరు ఫ్రేములు, అంటే ఆరు మూల భావనలు ఉన్న ఫ్రేమ్‌వర్క్. శోధ్‌గంగలో (మన దేశం థీసిస్‌లు పెట్టే సైటు) పాత థీసిస్‌లు చూస్తే చూడు గానీ వాటి ప్రశ్నలు ఎత్తుకోవద్దు.

పేపర్ వేసేటప్పుడు జర్నల్ జాగ్రత్త. యూజీసీ ఒప్పుకున్న జర్నల్స్ పట్టిక, కేర్ లిస్ట్, 2025 ఫిబ్రవరిలో తీసేసినారు, ఇప్పుడు మంచి జర్నల్ ఏదో మనమే తేల్చుకోవాల. డబ్బు కట్టు, వారంలో వేస్తామని మెసేజ్ వస్తే డిలీట్ చెయ్. ఏఐని అడిగి రెఫరెన్సులు తీసుకుంటే ఒక్కొక్కటీ తెరిచి చదివినాకనే రాయి, లేని పేపర్లు కూడా ఉన్నట్టు చెప్తుంది అది.

ముందు రెండు పనులూ తెలుగులో రాసి నాకు పంపు. గైడ్‌కి చూపించేలోపల చదివి చెప్తా.

మీ పెద్దమ్మ