డ్రాఫ్ట్‌కి పేరు ఇవ్వడం వేరు, కాలేజీ వదిలేయడం వేరు

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయి కాలేజీలో రెండో ఏడాది, స్కాలర్‌షిప్ మీద బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడు. ఈసారి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి వెళ్లిపోతానంటున్నాడు. రెండో రౌండ్‌లో తప్పకుండా తీసుకుంటారని ఒక ఏజెంట్ చెబుతున్నాడు. చదువు ఆపించమంటారా?

జవాబు: పేరు ఇవ్వనివ్వండి, చదువు మాత్రం ఆపించకండి. మే నెలాఖరు వరకూ రెండు దారులూ తెరిచే ఉంటాయి.

ముందు ఏజెంట్ మాట చూద్దాం. డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, రెండు రౌండ్లు కలిపి తీసుకునేది 60 మందిని, ఒక్కోసారి ఒకరిద్దరు తక్కువ. జీతానికి గ్యారంటీ మొదటి రౌండ్ వాళ్లకే. తొలి రెండేళ్లూ ఖాయం, 30వ కుర్రాడికి కూడా ఏడాదికి 20 లక్షల డాలర్ల పైమాటే. 31వ వాడి నుంచి జట్టుతో కుదిరిన బేరమే. చాలామందికి దక్కేది టూ-వే కాంట్రాక్ట్ (ఎన్‌బీఏలోనూ, దాని కింది స్థాయి జీ లీగ్‌లోనూ ఆడించే ఒప్పందం), 2024-25లో అది సుమారు 5.78 లక్షల డాలర్లు. అలాంటివి జట్టుకు మూడే ఉంటాయి. అదీ రాకపోతే జీ లీగ్, అక్కడ సీజన్ మొత్తానికి 45 వేల డాలర్లకు అటూఇటూ. అందుకని ఏజెంట్‌ని "ఏ జట్టు, ఏ కాంట్రాక్ట్, అందులో గ్యారంటీ ఎంత?" అని అడగండి. నీళ్లు నమిలితే మీకు సంగతి అర్థమైనట్టే.

దరఖాస్తు గడువు డ్రాఫ్ట్‌కి 60 రోజుల ముందు, అంటే ఏప్రిల్ చివర్లో. దాంతోపాటే కాలేజీ కంప్లయన్స్ ఆఫీసు (ఆట నియమాలు చూసుకునే విభాగం) ద్వారా ఎన్‌బీఏ అండర్‌గ్రాడ్యుయేట్ అడ్వైజరీ కమిటీ అంచనా అడగాలి. తిరిగొచ్చి ఆడాలంటే ఇది తప్పనిసరి. ఏజెంట్‌తో ఒప్పందం రాసుకుంటే, ఆ ఏజెంట్‌కి ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ) గుర్తింపు ఉండాలి, అబ్బాయి వెనక్కి వస్తే ఒప్పందం రద్దు కావాలి. మేలో షికాగోలో జరిగే కంబైన్‌కి (జట్లు కుర్రాళ్లను పరీక్షించి చూసే శిబిరం) పిలుపు రాకపోతే, నా లెక్కలో అది "ఈ ఏడాది కాదు" అని చెప్పినట్టే.

ఎక్కువమంది దెబ్బతినేది ఉపసంహరణ తేదీల దగ్గర. అవి రెండున్నాయి. 2025లో ఎన్‌సీఏఏ గడువు మే 28, ఎన్‌బీఏ గడువు జూన్ 15. రెండోదాన్ని నమ్ముకున్నవాడికి సాధారణంగా కాలేజీ ఆట ముగిసినట్టే. ఎన్‌సీఏఏ గడువు లెక్క ఈస్టర్న్ టైమ్ అర్ధరాత్రికి, మీ డాలస్‌లో అప్పటికి రాత్రి పదకొండే. ఫారం ముందురోజే పంపించేయండి. వేరే కాలేజీకి మారే ఆలోచన ఉంటే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (అందుకు పేరు నమోదు చేసుకునే చోటు) అంతకన్నా ముందే మూతపడుతుంది, గమనించండి.

ఈ హడావిడిలో సెమిస్టర్ పరీక్షలు పోతుంటాయి. మూడో ఏడాది ఆడాలంటే డిగ్రీలో 40 శాతం పూర్తయి ఉండాలన్నది ఎన్‌సీఏఏ నియమం. జట్ల వర్కవుట్లకు విమానాలెక్కుతూ ఒక కోర్సు తప్పి ఆ లెక్క తగ్గితే, తిరిగొచ్చినా మ్యాచ్ ఆడలేడు.

సిమ్ భుల్లర్‌ని చూడండి. ఏడడుగుల అయిదంగుళాల మనిషి, న్యూమెక్సికో స్టేట్‌లో రెండేళ్లాడి 2014 డ్రాఫ్ట్‌కి వెళ్లాడు. ఎవరూ తీసుకోలేదు. 2015లో శాక్రమెంటో జట్టు పది రోజుల కాంట్రాక్ట్ ఇచ్చింది, ఎన్‌బీఏలో భారత సంతతి తొలి ఆటగాడయ్యాడు, ఆడింది మూడు మ్యాచ్‌లు. అప్పట్లో కాలేజీలో ఉండిపోయినా జీతం లేదు. ఇప్పుడు ఉంది. 2021 జులై నుంచి ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు, 2025-26 నుంచి కాలేజీలే నేరుగా చెల్లించవచ్చు. అందుకే డ్రాఫ్ట్‌కి ముందస్తు దరఖాస్తులు 2021లో 353 ఉంటే 2025లో 106కి పడిపోయాయి. వచ్చే ఏడాదికి ఎంత ఇస్తారో కోచ్‌ని కాగితం మీద అడగండి, దాన్ని టూ-వే పక్కన పెట్టి చూడండి. అబ్బాయి హెచ్-4 లేదా ఎఫ్-1 మీద ఉంటే మాత్రం ఈ డబ్బు ముట్టుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవాలి. పని అనుమతి లేని వీసా మీద తీసుకుంటే వీసాకే ముప్పు.

కమిటీ మొదటి రౌండ్ అని, రెండుమూడు జట్లు వర్కవుట్‌కి పిలిచి అదే మాటంటే, పంపించండి. "రెండో రౌండ్ కావచ్చు" అంటే మే గడువుకి ముందే పేరు వెనక్కి తీసుకోమనండి. వచ్చే ఏడాది మళ్లీ ఇవ్వొచ్చు.