స్పీకర్లు కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సినిమాలో మాటలు గొణుగుడులా ఉండి, పాట రాగానే ఇల్లు అదిరిపోతోందనీ, కొత్త స్పీకర్లు కొనాలా అనీ అడిగావు. కొనే ముందు ఒక పూట విండోస్ సెట్టింగుల ముందు కూర్చో. విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి, ‘ఎం ఎం ఎస్ వై ఎస్ డాట్ సి పి ఎల్’ అని టైపు చేస్తే పాత సౌండ్ కిటికీ తెరుచుకుంటుంది. నాకు ఇప్పటికీ అదే సుఖం.

5.1 ఆడియో, అంటే ఆరు స్పీకర్లకు విడివిడిగా పంచిన ధ్వని, ఉన్న సినిమాల్లో సంభాషణలు చాలావరకు మధ్య ఛానెల్‌లో ఉంటాయి. నీకున్నవి రెండే స్పీకర్లు కాగా, కంప్యూటర్ ఆరు ఉన్నాయని భ్రమపడితే ఆ మాటలు గాలిలో కలిసిపోతాయి. కాబట్టి నీ స్పీకర్లను ఎంచుకొని, కాన్ఫిగర్ నొక్కి, స్టీరియో అని ఖాయం చెయ్యి. అప్పటికీ హెచ్చుతగ్గులు బాధిస్తే, కంప్యూటర్లో ధ్వనిని నడిపే డ్రైవర్‌లో లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ అనే సదుపాయం ఉందేమో చూసి, రాత్రిపూట సినిమాలకు మాత్రమే వాడు. సంగీతానికి దాన్ని తప్పక తీసెయ్యి. మెల్లగా మొదలయ్యే ఆలాపననూ, తని ఆవర్తనంలోని మృదంగాన్నీ అది ఒకే ఎత్తుకు తెచ్చి కూర్చోబెడుతుంది.

అడ్వాన్స్‌డ్ విభాగంలో (అదే కిటికీలో స్పీకర్ల ప్రాపర్టీస్ తెరిస్తే కనిపిస్తుంది) శాంపిల్ రేటు, అంటే సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క, ఉంటుంది. సీడీలది 44,100 హెర్ట్‌జ్, వీడియోలది సాధారణంగా 48,000. నీవు ఎక్కువగా వినేదాన్ని బట్టి ఒకటి ఎంచుకో. 1,92,000 పెట్టినంత మాత్రాన పాటలో లేని నాదం పుట్టదు. వీడియోలు ఆడించే ప్రోగ్రాం అయిన వీఎల్‌సీలో శబ్దాన్ని 100 శాతం దాటించకు, స్వరం చిరుగుతుంది.

బ్లూటూత్ హెడ్‌సెట్ విషయంలో నేనొకసారి బోల్తా పడ్డాను. వీణ కచేరీ వింటుండగా ఉన్నట్టుండి ధ్వని బావిలోంచి వస్తున్నట్లు మారింది. హెడ్‌సెట్ పాడైందనుకొని రెండు రోజులు పక్కన పడేశాను. తీరా చూస్తే, వీడియో కాల్ యాప్ ఒకటి వెనకాల తెరిచి ఉండి, మైకును పట్టుకుని కూర్చుంది. మైకు పనిచేస్తున్నంతసేపూ అలాంటి హెడ్‌సెట్లు చాలావరకు స్టీరియో వదిలి టెలిఫోను స్థాయి ధ్వనికి దిగిపోతాయి. యాప్ మూసెయ్యగానే వీణ మళ్ళీ వీణలా పలికింది. బ్లూటూత్‌లో పెదవుల కంటే మాట ఆలస్యమైతే వీఎల్‌సీలో జె మీట నొక్కుతూ పో, నొక్కినప్పుడల్లా ధ్వని కొద్దికొద్దిగా ముందుకు జరుగుతుంది.

ఇవన్నీ చేశాక కూడా మాటలు తేలకపోతే అప్పుడు స్పీకర్ల సంగతి చూద్దాం. జవాబులో మీ గది పొడవు, వెడల్పు కూడా రాయి.

ఇట్లు,
మీ మామయ్య