చీమలబారుకు ‘లింగాకర్షకం’ నప్పుతుందా?

సందేహం: నర్సంపేట నుంచి ఒక పాఠకురాలు ఇలా అడిగారు. “సార్, మా పత్తి చేన్లో పెట్టే బుట్టలను లింగాకర్షక బుట్టలు అంటారు. మా తమ్ముడి జంతుశాస్త్రం పుస్తకంలో ఫెరోమోన్ అని ఉంది. నేను పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తూ, తెలుగు మాట ఉండాలని అంతటా ‘లింగాకర్షకాలు’ అనే రాశాను. చీమల దగ్గరికి వచ్చేసరికి అనుమానం వచ్చింది. మనుషుల గురించి రాయాలంటే ఇంకా టెన్షన్‌గా ఉంది. ఈ మాట అన్నిచోట్లా సరిపోతుందా? ఇంకో చిన్న ప్రశ్న: వ్యాసంలో బర్రె అని రాయొచ్చా, గేదె అనే రాయాలా?”

సమాధానం: అమ్మా, మీకు అనుమానం రావలసిన చోటే వచ్చింది. పత్తి చేనుకు సరిగ్గా అతికిన మాట చీమలబారుకు అతకదు.

లింగాకర్షకం అంటే విగ్రహవాక్యం ఏం చెబుతుంది? వ్యతిరేక లింగాన్ని ఆకర్షించేది అని. గులాబీ రంగు పురుగు బుట్టలో జరిగేది అచ్చంగా అదే. ఆడ రెక్కల పురుగు రాత్రిపూట పొట్ట చివరనున్న గ్రంథి నుంచి ఒక వాసన వదులుతుంది. మగది మీసాలతో దాన్ని అందుకుని గాలికి ఎదురు ఎగురుతూ వస్తుంది. బుట్టలో పెట్టే ల్యూర్‌లో ఉండేది ఆ వాసనకు నకలే, గాసిప్లూర్ అంటారు. అందుకే బుట్టలో పడేవన్నీ మగవే. వరుసగా 3 రాత్రులు ఒక్కో బుట్టలో 8 చొప్పున పడితే మందు కొట్టాల్సిన దశ వచ్చినట్టు లెక్క. శనగపచ్చ పురుగు ల్యూర్ పెట్టి గులాబీ పురుగు కోసం ఎదురుచూస్తే మాత్రం ఒక్కటీ రాదు. ఏ జాతి వాసన ఆ జాతిదే. వ్యవసాయం వాళ్లు ల్యూర్‌ను ‘ఎర’ అని కూడా రాస్తారు. ఎర అంటే తినేది కదా అని పట్టుబట్టే పండితులు ఉంటారు కానీ నాకు ఆ మాట నచ్చింది. ఆశపెట్టి పట్టేది ఏదైనా ఎరే.

ఫెరోమోన్ అనే మాట ఇంతకంటే చాలా పెద్దది. దాన్ని 1959లో పీటర్ కార్ల్‌సన్, మార్టిన్ లూషర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కూర్చారు. గ్రీకులో మోసుకుపోవడం, ప్రేరేపించడం అనే రెండు అర్థాల కలయిక అది. హార్మోన్ ఒంటి లోపల పని చేస్తుంది. ఫెరోమోన్ ఒంటి నుంచి బయటికి వచ్చి అదే జాతికి చెందిన ఇంకో జీవి మీద పని చేస్తుంది. ఆ ఏడాదే అడాల్ఫ్ బ్యూటెనాండ్ట్ బృందం పట్టుపురుగు ఆడ రెక్కల పురుగుల నుంచి బాంబికాల్ అనే పదార్థాన్ని వేరుచేసింది. దాని వెనుక దాదాపు 20 ఏళ్ల శ్రమ, సుమారు 5 లక్షల పురుగులు ఉన్నాయి. మొదట చేతికి చిక్కింది ఆడ మగ వ్యవహారం కాబట్టి జనంలో ఆ అర్థమే ముందు నాటుకుందని నా ఊహ.

చీమ సంగతి చూడండి. బెల్లం ముక్క దొరికిన చీమ తిరిగి వస్తూ నేలకు వాసన రాస్తుంది. వెనక వచ్చేవి దాని మీదే నడుస్తూ మళ్లీ రాస్తాయి. బెల్లం అయిపోతే రాసేవి ఉండవు, దారి ఆరిపోతుంది. తడిబట్టతో తుడిస్తే బారు కాసేపు చెదిరిపోయేదీ అందుకే. ఇందులో లింగం ఎక్కడుంది? తేనెటీగ కుట్టినప్పుడు వదిలే వాసన అరటిపండు వాసనలా ఉంటుంది. తుట్టెలోని మిగతావాటికి అది ప్రమాదం ఉందన్న కబురు. రాణి ఈగ వాసనైతే కూలి ఈగల అండాశయాలు ఎదగకుండా ఆపుతుంది. ఈ పనిని ఆకర్షించడం అంటే అర్థమే తలకిందులవుతుంది. కాబట్టి మొత్తం కుటుంబానికి ‘ఫెరోమోన్’ అనే ఉంచండి. హార్మోన్‌ను తెలుగు చేసుకున్నాం కదా, దీన్నీ చేసుకుందాం. ఫిరమోన్, ఫెరమోన్ అని కూడా రాస్తున్నారు, హార్మోన్‌కు తోడుగా చెవికి పట్టేది ఫెరోమోన్ అనే రూపం. బహువచనం ఫెరోమోన్లు.

క్రియ కోసం మాత్రం ఎక్కడికీ పోనక్కర్లేదు. మన దగ్గర ‘పసిగట్టు’ ఉంది. ఇప్పుడు రహస్యాలు, కుట్రలు పసిగట్టడానికే దాన్ని వాడుతున్నాం గానీ, అందులోని పసి అంటే వాసనే. వేటకుక్క పసిగట్టడం అసలు అర్థం. మగ పురుగు ఆడదాన్ని పసిగట్టింది అని రాస్తే పిల్లలకు చటుక్కున ఎక్కుతుంది, ‘గంధ సంకేతాన్ని గ్రహించింది’ అని రాస్తే ఎక్కదు.

ఎదకు వచ్చిన బర్రె మూత్రాన్ని దున్నపోతు వాసన చూసి, తల పైకెత్తి, పై పెదవి మడిచి నిలబడడం మీరు చూసే ఉంటారు. నవ్వినట్టు కనిపిస్తుంది. నిజానికి అది ఆ వాసనను అంగిటి పైన ఉన్న జేకబ్సన్ అవయవానికి, అంటే ఇలాంటి వాసనలను పసిగట్టే భాగానికి, చేరవేస్తోంది. ఇక్కడ లింగాకర్షకం అన్నా తప్పులేదు. ఒక వింత కూడా వ్యాసంలో చేర్చండి. ఆసియా ఆడ ఏనుగు ఎదకు వచ్చినప్పుడు మూత్రంలో వదిలే పదార్థాన్నే చాలా రకాల రెక్కల పురుగులు కూడా వాడుకుంటాయని 1996లో తేలింది. అయినా ఏనుగు కోసం పురుగు గానీ, పురుగు కోసం ఏనుగు గానీ పొరబడదు. పురుగు వదిలేది ఒక్క పదార్థం కాదు, కొన్నింటి మిశ్రమం. పైగా అది వదిలే పిసరంత ఏనుగుకు ఆనదు.

మనుషుల దగ్గర కలం కాస్త బిగపట్టండి. మనిషి ఫెరోమోన్ ఇదీ అని నిరూపణ అయిన పదార్థం ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. జేకబ్సన్ అవయవం పెద్దవాళ్లలో ఆనవాలుగా మిగిలింది గానీ, దానికి మెదడుతో నరాల సంబంధం కనిపించలేదు, అది పనిచేయడానికి కావలసిన ముఖ్యమైన జన్యువు కూడా చెడిపోయింది. కలిసి ఉండే ఆడవాళ్లకు నెలసరి ఒకేసారి వస్తుందని 1971లో వచ్చిన పరిశోధన చాలా పేరు పొందింది, తర్వాతి పరిశీలనల్లో అది నిలబడలేదు. పుట్టిన బిడ్డ తల్లి రొమ్మును వాసనతో వెతుక్కుంటుందన్నది మాత్రం గట్టి సంగతే. కానీ దాని వెనక ఏ పదార్థం ఉందో తేలలేదు. కాబట్టి ‘మనుషుల్లో ఫెరోమోన్లు ఉన్నాయి’ అని ముగింపు క్రియ వేసేయకండి. ‘ఉండవచ్చు’, ‘ఇంకా తేలలేదు’ అనే రూపాలు ఇలాంటి చోట్ల కోసమే ఉన్నాయి. తేలిన మేరకు రాయాలంటే ‘ఒంటి వాసన’ చాలు.

ఫెరోమోన్ సెంటు ప్రకటనలు మీ కంటపడే ఉంటాయి. అలాంటి కొన్నింట్లో చెప్పుకునే ఆండ్రోస్టీనోన్ మగ పంది లాలాజలంలో ఉంటుంది. ఎదకు వచ్చిన ఆడ పంది దాన్ని పసిగట్టి కదలకుండా నిలబడుతుంది. గాడిదకేం తెలుసు గంధం వాసన అంటారు, ఈ సెంటు సంగతి మాత్రం పందికే తెలుసు.

ఇక బర్రె. నిక్షేపంగా రాయండి. మీ పిల్లలు ఇంట్లో పిలిచే పేరు అది. గేదె అన్న మాట పాఠంలో ఎలాగూ చదువుకుంటారు.